రాగికి తోడే రూపం: మైలుతుత్తం మొదలు అతివాహకాల దాకా

వరి మడిలో నాచు తేలితే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కోసం వెతకని రైతు ఉండడు. నీలం గడ్డలను గుడ్డలో మూటగట్టి, మడిలోకి నీరు దిగే చోట పెడతారు. మూట చుట్టూ లేత నీలి చార ఒకటి ముందు కదులుతుంది. నాలుగడుగులు పోయేసరికి రంగు నీళ్లలో కలిసిపోతుంది. కంటికి కనపడకపోయినా రాగి మడంతా పరుచుకుంటుంది, నాచు పని పడుతుంది.

రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలోని గోరేబాళ ఇలాంటి వరి సీమలోని ఊరు. తుంగభద్ర ఎడమ కాలువ పారిన ఈ ప్రాంతానికి ఆంధ్ర జిల్లాల నుంచి ఎందరో రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. పొరుగును బట్టి మాట తీరు మారింది, మనిషి మాత్రం ఆ మనిషే. ఆ మూటలోని రాగి స్వభావమూ సరిగ్గా ఇదే. పక్కన ఏ అణువు చేరిందో చూసుకుని అది ఆకారం మార్చుకుంటుంది. ఆకారంతో పాటు రంగు, అయస్కాంత గుణం, కరెంటును మోసే తీరు కూడా మారిపోతాయి. రాగి లవణాల స్ఫటికాల్లో శాస్త్రజ్ఞులు ఇప్పటిదాకా చూసిన వింతల్లో కొన్ని ఇవి.

ఎక్స్-రేకు చిక్కిన తొలి స్ఫటికం

స్ఫటికం లోపల అణువులు వరసలు తీరి ఉంటాయని చాలాకాలంగా ఊహించారు గానీ, రుజువు దొరికింది 1912లో. జర్మనీలోని మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ లావే ఆలోచన మీద వాల్టర్ ఫ్రీడ్రిష్, పాల్ నిప్పింగ్ ఒక స్ఫటికం గుండా ఎక్స్-రేలు పంపి, వెనక ఫొటో ప్లేటు పెట్టారు. ప్లేటు మీద మచ్చలు పడ్డాయి. అనుమానం తీరడానికి అదే పదార్థాన్ని మెత్తగా నూరి మళ్లీ పరీక్షించారు. ఆ మచ్చలు మాయమయ్యాయి. అంటే మచ్చలకు కారణం పదార్థం కాదు, దాని లోపలి వరస. ఈ పరిశోధనకు లావేకు 1914 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రపంచంలో ఎక్స్-రే వివర్తన చిత్రం ఇచ్చిన ఆ మొట్టమొదటి స్ఫటికం వజ్రమో కెంపో కాదు, మైలుతుత్తం. మన మడిలో మూటగట్టి పెట్టేది అదే.

ఐదో నీటి అణువు కథ

కిలో మైలుతుత్తం కొంటే అందులో సుమారు 360 గ్రాములు నీరే. అసలు రాగి 255 గ్రాములు. అయినా చేతికి తడి తగలదు, ఎందుకంటే ఆ నీరంతా స్ఫటికంలో బంధమై ఉంది. ఒక్కో రాగి అయానుకు ఐదేసి నీటి అణువుల లెక్క. 1934లో బీవర్స్, లిప్సన్ అనే ఇద్దరు ఇంగ్లండ్ యువకులు ఈ నిర్మాణాన్ని తేల్చినప్పుడు ఆ ఐదూ ఒక్క తీరుగా లేవని బయటపడింది. నాలుగు నీటి అణువులు రాగి చుట్టూ చదరంగా కూర్చున్నాయి. ఐదోది రాగిని అంటుకోనే లేదు. అది పొరుగున ఉన్న సల్ఫేటునూ మిగతా నీటి అణువులనూ హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని నిలబడింది.

గట్టిగా వేడి చేస్తే నీరంతా పోయి నీలం గడ్డ తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి మీద ఒక్క చుక్క నీళ్లు వేస్తే నీలం తిరిగి వస్తుంది. ఈ నీలం రాగి ఒక్కదానిదీ కాదు, నీటి ఒక్కదానిదీ కాదు. ఆ రెండు కలిసి ఉన్నంతసేపే ఆ రంగు.

నాలుగు దగ్గర, రెండు దూరం

రాగి రెండు ఎలక్ట్రాన్లు వదులుకున్నాక దాని బయటి అరలో తొమ్మిది మిగులుతాయి. పది పట్టే చోట తొమ్మిది. ఆ ఒక్కటి తక్కువైనందువల్ల ఆరుగురు పొరుగువారిని సమాన దూరంలో ఉంచుకోవడం దానికి కుదరదు. నలుగురిని దగ్గరకు లాక్కుంటుంది, ఇద్దరిని దూరం పెడుతుంది. ఇలాంటి అమరిక ఎందుకు తప్పనిసరిగా వంకర పోతుందో 1937లో హెర్మన్ యాన్, ఎడ్వర్డ్ టెల్లర్ గణితంతో నిరూపించారు. రాగి లవణాల్లో సాధారణంగా దగ్గరి నలుగురు రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల ఉంటే, దూరపు ఇద్దరు రెండున్నర వరకూ, ఒక్కోసారి ఇంకా అవతలికీ జరుగుతారు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. అంత చిన్న దూరంలో జరిగిన ఈ సర్దుబాటే కింద చెప్పుకునే వింతల్లో చాలావాటికి మూలం.

అభ్రకంలా విడిపోయే పసుపు రేకులు

ఒక రాగి, నాలుగు క్లోరిన్‌లు కలిస్తే రెండు రుణావేశాలున్న గుంపు ఏర్పడుతుంది. దాన్ని నిలబెట్టడానికి ధనావేశమున్న తోడు కావాలి. కార్బన్, నైట్రోజన్, హైడ్రోజన్‌లతో కూడిన సేంద్రియ కేటయాన్ ఆ తోడుగా వస్తే అసలు విచిత్రం మొదలవుతుంది.

మిథైల్ అమోనియం లాంటి చిన్న తోడు చేరితే రాగి, క్లోరిన్‌లు ఒకదాని భుజం ఒకటి పట్టుకుని పలుచని పొరలుగా పరుచుకుంటాయి. పొరకూ పొరకూ నడుమ సేంద్రియ కేటయాన్‌లు దూరతాయి. వాటి అమోనియం తలలు క్లోరిన్‌లకు తగులుకుంటాయి, తోకలు ఎదురుబొదురుగా ఉంటాయి. అందుకే ఈ పసుపు స్ఫటికాలు గూడూరు అభ్రకంలా రేకులు రేకులుగా విడిపోతాయి. తోక పొడవు పెంచితే పొరల మధ్య ఎడం పెరుగుతుంది. అయస్కాంత గుణం ఒక్క పొరలోనే ఉంటే ఎలా నడుచుకుంటుందో పరీక్షించడానికి భౌతికశాస్త్రజ్ఞులకు దొరికిన మంచి నమూనాల్లో ఇవి కొన్ని. మిథైల్ అమోనియం లవణం సుమారు 9 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు 264 డిగ్రీల సెల్సియస్ దిగువన, అయస్కాంతమవుతుంది.

వేడికి రంగు మార్చే ఉప్పు

అదే రాగి, అవే నాలుగు క్లోరిన్‌లు. తోడుగా డైఇథైల్ అమోనియం వచ్చిందనుకోండి. మామూలు వాతావరణంలో ఈ లవణం నిగనిగలాడే ఆకుపచ్చ. 52, 53 డిగ్రీల సెల్సియస్ దాటగానే పసుపు. చల్లారితే మళ్లీ ఆకుపచ్చ. రాయచూరు వేసవి నీడలో 40 డిగ్రీలు దాటినా దీని రంగు మారదు, ఇంకో పది పన్నెండు డిగ్రీలు కావాలి.

కారణం హైడ్రోజన్ బంధాలు. చల్లగా ఉన్నప్పుడు సేంద్రియ కేటయాన్‌లు క్లోరిన్‌లను గట్టిగా పట్టుకుని, రాగి చుట్టూ ఇంచుమించు చదునుగా ఉంచుతాయి. వేడి ఎక్కితే ఆ పట్టు సడలుతుంది. వదులైన క్లోరిన్‌లు ఒకదానికొకటి ఎడంగా జరిగి నాలుగు మూలల పిరమిడ్ వైపు తిరుగుతాయి. ఆకారం మారగానే రాగి పీల్చుకునే వెలుగు మారుతుంది, మన కంటికి రంగు మారినట్టు కనిపిస్తుంది.

అచ్చమైన చదరం

సీసియం లాంటి లోహపు అయాను తోడుంటే రాగి క్లోరైడు కాస్త నొక్కిన పిరమిడ్ ఆకారంలో ఉంటుందని 1952లోనే హెల్మ్‌హోల్జ్, క్రూ చూపించారు. మరి నాలుగు క్లోరిన్‌లూ ఒకే బల్ల మీద పరిచినట్టు చదునుగా, విడిగా ఉండే లవణం ఉంటుందా? ఉందని 1974లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ బృందం చూపింది. ఎన్-మిథైల్ ఫెనిథైల్ అమోనియం అనే పెద్ద సేంద్రియ కేటయాన్ తోడైనప్పుడు ఆకుపచ్చ స్ఫటికంలో రాగి క్లోరైడు అచ్చమైన చదరంగా నిలిచింది. అదే స్ఫటికాన్ని వేడి చేస్తే పసుపు రూపంలో పిరమిడ్ వైపు వంగింది. రెండు రూపాల నిర్మాణాలనూ ఒకే పరిశోధనలో పక్కపక్కన పెట్టి చూపడం ఈ రంగంలో గుర్తుండిపోయే ఘట్టం.

లోహంలో ఉన్నంత దగ్గరగా

1952లో బ్లీనీ, బోవర్స్ అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞులు కాపర్ ఎసిటేట్ అయస్కాంత గుణాన్ని కొలిచి, ఇందులో రాగి అయాన్లు జంటలుగా ఉండి తీరాలని తేల్చారు. మరుసటి ఏడాది ఫాన్ నీకర్క్, షోనింగ్ ఎక్స్-రేతో చూస్తే నిజంగానే జంటలు. ఆ రెండు రాగుల నడుమ దూరం 2.64 ఆంగ్‌స్ట్రామ్‌లు. రాగి చెంబులో పక్కపక్కన ఉన్న రాగి పరమాణువుల ఎడం 2.56. లవణంలో ఉంటూ లోహంలో ఉన్నంత దగ్గరగా వచ్చిన జంట ఇది. కంటికి కనపడని నిర్మాణాన్ని అయస్కాంతం ముందే చెప్పింది, ఎక్స్-రే ఔనంది.

అయస్కాంతంతో స్ఫటికం లోపలికి తొంగిచూసే ఈ దారిలో మనవాళ్లు ముందే నడిచారు. కలకత్తాలో కె.ఎస్. కృష్ణన్, ఎ. ముఖర్జీ మైలుతుత్తం స్ఫటికం ఒక్కో దిక్కున అయస్కాంతానికి ఒక్కోలా లొంగుతుందని 1936లోనే కొలిచి, దాన్ని లోపలి అమరికతో ముడిపెట్టారు.

11.6 కెల్విన్: సేంద్రియ రికార్డు

కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిచ్చే పదార్థం అతివాహకం. కార్బన్ అణువులతో కూడిన లవణం అతివాహకం కాగలదని 1980లో తెలిసింది. అప్పటికి అది భారీ ఒత్తిడి కింద, దాదాపు ఒక్క కెల్విన్ దగ్గరే సాధ్యం. పదేళ్లు తిరిగేసరికి, 1990లో, అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల అదనపు ఒత్తిడి అవసరం లేకుండానే 11.6 కెల్విన్‌కు చేర్చి ఆనాటి సేంద్రియ రికార్డు నెలకొల్పింది. ఆ స్ఫటికంలో బల్లపరుపు సేంద్రియ కేటయాన్‌లు జంటలు జంటలుగా, ఒక జంటకు పక్క జంట అడ్డంగా అమరి ఒక పొర. రాగి, బ్రోమిన్, డైసయనమైడ్ కలిసిన రుణావేశపు గొలుసులు ఇంకో పొర.

ఇందులోని ఆశ్చర్యం పొరల పని విభజన. లోహమున్న రాగి పొర కరెంటు మోయదు, మోసేది సేంద్రియ పొర. రాగి ఇక్కడ తోడుగా నిలిచి ఎడం సరిచేస్తుంది. బ్రోమిన్ తీసి క్లోరిన్ పెడితే చాలు, స్ఫటికం బంధకమై కూర్చుంటుంది. దానికి 300 వాతావరణాల ఒత్తిడి ఇస్తే 12.8 కెల్విన్ దగ్గర మళ్లీ అతివాహకమవుతుంది. ఇందాకటి దాకా సేంద్రియ తోడు రాగి ఆకారాన్ని నిర్ణయించింది. ఇక్కడ రాగి తోడు సేంద్రియ పొర గుణాన్ని నిర్ణయించింది.

ఇదే కుటుంబంలోని రాగి సయనైడు లవణం ఇంకో వింత. చల్లబరిస్తే స్పిన్‌లు, అంటే ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాలు, అన్నీ ఏదో ఒక వరసకు రావాలి. 2003లో జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని ఒక డిగ్రీలో మూడు శాతం చిల్లర మాత్రమే మిగిలిన చలికి, 0.032 కెల్విన్‌కు, తీసుకుపోయినా స్పిన్‌లు వరసకు రాలేదు. ఈ స్థితికి స్పిన్ ద్రవం అని పేరు.

ఖాళీ గదుల రాగి ఇల్లు

1989లో ఆస్ట్రేలియాలో రిచర్డ్ రాబ్సన్ రాగి అయాన్లకు నాలుగు చేతుల సేంద్రియ అణువును జోడించి, వజ్రం అమరికలో లోపల పెద్ద ఖాళీలున్న స్ఫటికం పెంచారు. లోపల ఖాళీ గదులుండే స్ఫటికాలు పెంచే విద్యకు అది పునాది. 1999లో హాంకాంగ్‌లో చేసిన మరో రాగి స్ఫటికంలో గదుల మూలలు ఏవో తెలుసా? కాపర్ ఎసిటేట్‌లో చూసిన రాగి జంటలే. మైలుతుత్తంలాగే ఈ స్ఫటికమూ నీటితో రంగు మారుస్తుంది: నీరు తగిలితే లేత నీలం, ఆరితే ముదురు నీలం. ఇలాంటి ఖాళీ చట్రాలకు సుసుము కితగావా, ఒమర్ యాఘీలతో కలిపి రాబ్సన్‌కు 2025 రసాయన నోబెల్ దక్కింది.

స్ఫటిక శాస్త్రంలో తెలుగు గడ్డ

అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేస్తూ, టి. వెంకటరాయుడుతో కలిసి సౌష్ఠవ గణితాన్ని భౌతికశాస్త్రానికి అన్వయించే గ్రంథం రాశారు. స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన రాసిన పుస్తకం 1966లో వెలువడింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలు పనిచేసిన గౌతమ్ దేశిరాజు కావలసిన తీరులో స్ఫటికాన్ని రూపొందించే విద్య మీద 1989లో పుస్తకం తెచ్చారు. 2011 నుంచి 2014 దాకా అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆ సంఘం 24వ మహాసభ 2017 ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగింది. భారతదేశంలో అదే తొలిసారి.

ఇక ప్రపంచం నలుమూలల స్ఫటికాల లెక్కకొస్తే, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో 1965లో మొదలైన సేంద్రియ స్ఫటిక నిర్మాణాల భాండాగారం 2019లో పది లక్షల మైలురాయి దాటింది. మనం చెప్పుకున్న సేంద్రియ తోడు ఉన్న రాగి లవణాలకూ అందులో చోటుంది.

మీ బడిలో ఒక స్ఫటికం

గోరేబాళలోనైనా, మరే ఊళ్లోనైనా సైన్సు మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లల చేత ఒక మైలుతుత్తం స్ఫటికం పెంచించండి. వేడి నీళ్లలో కరిగినంత కరిగించి, వడకట్టి, దారానికి చిన్న పలుకు కట్టి గాజు గ్లాసులో వేలాడదీయండి. మీద కాగితం కప్పి కదల్చకుండా వదిలేయండి. ఇది విషం, వంట పాత్రలు వాడొద్దు, చేతులు కడుక్కోకుండా నోటి దగ్గర పెట్టనివ్వొద్దు. మిగిలిన నీళ్లు చేపలుండే చెరువులోనో కాలువలోనో పోయొద్దు.

వారం పది రోజుల్లో నున్నని ముఖాలతో ఏటవాలు నీలం పలక ఒకటి దారానికి వేలాడుతుంది. దాని పక్కన వడ్రంగి మూలమట్టం పెట్టి చూడమనండి. స్ఫటికాల ఏడు కుటుంబాల్లో సౌష్ఠవం అన్నిటికంటే తక్కువున్న కుటుంబం దీనిది. అందుకే పక్కపక్క ముఖాలు మూలమట్టానికి సరిపోక ఏటవాలుగా కలుస్తాయి.