'వేసుకుంటుంది' అంటే ఎప్పుడు?

ఆళ్లగడ్డలో ఉండే మా పిన్నికి బీపీ ఉంది. ఆ మధ్య కోడలు ఆమెను వెంటపెట్టుకుని నంద్యాలలో డాక్టరుకు చూపించింది. డాక్టరుగారు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. మాత్రలు వాడుతున్నారా అని ఇంగ్లీషులో అడిగారు. పిన్ని "వేసుకుంటాలే" అంది. మా మరదలు దాన్ని "షీ టేక్స్" అని చెప్పింది. రోజూ వేసుకుంటున్నా బీపీ తగ్గలేదనుకుని ఆయన మోతాదు పెంచి రాయబోయారు. పక్కనున్న నర్సమ్మ తెలుగులో మళ్లీ అడిగితే అసలు సంగతి బయటపడింది. పిన్ని మాత్రలు మానేసి నెలైంది. ఇకమీదట వేసుకుంటానని ఆమె ఉద్దేశం!

మా ఇంటికొచ్చాక మరదలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "టెన్సులన్నీ బట్టీ పట్టినదాన్నే గదా వదినా, ఇట్లెందుకైంది?"

తప్పంతా ఆమెది కాదు. మన 'వేసుకుంటుంది'లో అలవాటూ ఉంది, రేపూ ఉంది. 'రోజూ' చేరిస్తే అలవాటు, 'రేపటి నుంచి' అంటే భవిష్యత్తు. ఇంగ్లీషులో ఆ రెంటికీ క్రియారూపాలు వేరు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ మన భాష నేర్చుకుని, 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేయించారు. పరాయి భాష పట్టుబడాలంటే ఎవరికైనా ఓపిక కావాల్సిందే.

పన్నెండు టెన్సుల పట్టిక పక్కనపెట్టి, మాత్రల డబ్బా ముందుంచుకుని నాలుగు వాక్యాలే చెప్పించాను. రోజూ వేసుకుంటుంది: షీ టేక్స్ ఇట్ ఎవ్రీ డే. నిన్న వేసుకుంది: షీ టుక్ ఇట్ ఎస్టర్‌డే. రేపటి నుంచి వేసుకుంటుంది: షీ విల్ టేక్ ఇట్ ఫ్రమ్ టుమారో. నాలుగోదే చిక్కు. 'రెండేళ్లుగా వేసుకుంటోంది' అనడానికి మనం "షీ ఈజ్ టేకింగ్ ఫ్రమ్ టూ ఇయర్స్" అనేస్తాం. "షీ హాజ్ బీన్ టేకింగ్ ఇట్ ఫర్ టూ ఇయర్స్" అనాలి. అప్పుడు మొదలైంది, ఇప్పటికీ సాగుతోంది అన్నమాట.

ముందు 'ఎప్పుడు' అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ఆ తర్వాతే క్రియ. మరదలు ఆ నాలుగూ కాగితంమీద రాసుకుని శిరివెళ్ల మీదుగా వెళ్లే బస్సులో చదువుకుంటూ పోయింది. తర్వాతిసారి డాక్టరు దగ్గర తడబడలేదట.

మీరూ ఇంట్లో వాడే మందులతో ఈ వాక్యాలు అలవాటు చేసుకోండి. ఆసుపత్రిలో మాట తోచకపోతే మాత్రం సిగ్గుపడొద్దు. తెలుగు తెలిసినవాళ్లను పిలవమని అడగండి. మా పిన్నికి ఆ రోజు మేలు చేసింది నర్సమ్మ అడిగిన ఆ తెలుగు ప్రశ్నే.