రెండు ఆటలు, ఒకే వేసవి

పిల్లలూ! మీలో ఎవరికైనా రెండు ఆటలు సమానంగా వచ్చునా? నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ఇది వింత కాదు. ఎండాకాలంలో చెరువు ఎండిపోతే ఆ చెరువు కడుపే ఆటస్థలమవుతుంది. పొద్దున అక్కడ కబడ్డీ ఆడిన పిల్లవాడే సాయంత్రం వాలీబాల్ ఆడతాడు. బడిలో పోటీలు పెడితే పరుగుపందెంలోనూ వాడే ముందుంటాడు. చూసినవాళ్ళంతా, "వీడు ఏ ఆటైనా ఆడగలడు!" అని మెచ్చుకుంటారు. చిక్కు ఆ తరవాత వస్తుంది. రెండు జట్లూ ఒకే రోజున వాణ్ణి పిలిస్తే, వాడు ఎటు వెళ్ళాలి?

1936లో మన దేశపు ఆటగాడొకడు ఇలాంటి చిక్కులోనే పడ్డాడు. అతని పేరు ఎం.జె. గోపాలన్. మద్రాసుకు దక్షిణాన చెంగల్పట్టు ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో 1909లో పుట్టాడు. క్రికెట్‌లో వేగంగా బంతులు వేసేవాడు. 1934 జనవరిలో కలకత్తాలో ఇంగ్లండు జట్టుమీద టెస్టు ఆడాడు. అదే ఏడు నవంబరులో రంజీ ట్రోఫీ పోటీలు మొదలైనప్పుడు, మద్రాసు చేపాక్ మైదానంలో ఆ పోటీల మొట్టమొదటి బంతి వేసినవాడు కూడా ఇతడే.

అంతేకాదు, గోపాలన్ హాకీలోనూ గొప్పవాడు. 1935లో ధ్యాన్‌చంద్ నాయకత్వాన మన హాకీ జట్టు న్యూజిలాండు పర్యటనకు వెళ్ళింది. ఆ పర్యటనలో 48 ఆటలు ఆడి, 48 గెలిచింది! ఆ జట్టులో గోపాలన్ ఉన్నాడు.

మరుసటి ఏడు వేసవిలో రెండు ప్రయాణాలు ఒకేసారి వచ్చాయి. హాకీ జట్టు ఒలింపిక్ పోటీలకు బెర్లిన్ వెళ్తున్నది. క్రికెట్ జట్టు ఇంగ్లండు వెళ్తున్నది. రెండు జట్లకూ గోపాలన్ కావలసినవాడే. కాని ఆ రోజుల్లో ప్రయాణం ఓడమీద. పర్యటన అంటే నెలల తరబడి. ఒకటి పట్టుకుంటే రెండోది వదులుకోవలసిందే.

గోపాలన్ క్రికెట్‌ను ఎంచుకున్నాడు.

ఏం జరిగిందో వినండి. ఇంగ్లండులో అతనికి ఆడే అవకాశాలు బహు తక్కువగా వచ్చాయి. మూడు టెస్టులు జరిగితే ఒక్కదానిలోనూ అతనికి చోటు దొరకలేదు. మూడో టెస్టు లండన్‌లోని ఓవల్ మైదానంలో 1936 ఆగస్టు 15న మొదలైంది. సరిగ్గా అదే రోజున బెర్లిన్‌లో హాకీ ఆఖరి ఆట జరిగింది. మన జట్టు జర్మనీని 8-1 తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచింది!

"అయ్యో, ఎంత పొరపాటు చేశాడు!" అంటున్నారా? కొంచెం ఆగండి. మృగశిర కార్తెలో నల్లమబ్బు చూసి రైతు ఆముదాలు విత్తుతాడు. తరవాత వాన ముఖం చాటేస్తుంది. అంతమాత్రాన రైతు తెలివితక్కువవాడా? విత్తేనాటికి తనకు తెలిసినదాన్ని బట్టి అతడు సరిగానే విత్తాడు. గోపాలన్ కూడా అంతే. అప్పటికే ఒక టెస్టు ఆడినవాడు, మరికొన్ని ఆడగలననుకోవడంలో తప్పేముంది? పదకొండుమందిలో తనకు చోటు ఇవ్వరని ఓడ ఎక్కేనాడు అతనికేం తెలుసు?

ఒలింపిక్ పతకం మాత్రం అతనికి ఇక దక్కలేదు. మరో టెస్టు ఆడే అవకాశమూ రాలేదు. అది నిజంగా పెద్ద నష్టమే. అయినా అతడు ఆటను వదలలేదు. మద్రాసు తరఫున ఎన్నో ఏళ్ళు ఆడాడు; తరవాత భారత జట్టును ఎంపిక చేసేవారిలో ఒకడయ్యాడు. మద్రాసు, సిలోను జట్ల మధ్య జరిగిన పోటీకి గోపాలన్ ట్రోఫీ అని అతని పేరే పెట్టారు. అతడు 94 ఏళ్ళు బ్రతికి, 2003లో కన్నుమూశాడు.

ఇంకో విశేషం. అదే ఓడ ప్రయాణంలో, అదే జట్టులో మన తెలుగువాడు ఒకడున్నాడు. అతడు కోటా రామస్వామి. తండ్రి బుచ్చిబాబు నాయుడు మద్రాసులో భారతీయుల కోసం 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి, మనవాళ్ళకు క్రికెట్ నేర్పినవాడు. రామస్వామికి కూడా రెండు ఆటలు వచ్చు: టెన్నిస్, క్రికెట్. కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో టెన్నిస్‌లో పేరు తెచ్చుకుని, 1922లో భారతదేశం తరఫున డేవిస్ కప్ పోటీలలో ఆడాడు. క్రికెట్‌లో దేశం పిలుపు రావడానికి మాత్రం మరో 14 ఏళ్ళు పట్టింది. 1936లో మాంచెస్టర్ టెస్టులో మొదటిసారి ఆడేటప్పటికి అతని వయసు 40! ఆ టెస్టులో 40, 60 పరుగులు చేశాడు. ఓవల్‌లో 29, ఔటు కాకుండా 41 చేశాడు. ఎంపిక చేసుకోవలసిన అవసరమే అతనికి రాలేదు. ఎందుకంటే అతని రెండు ఆటలూ వేరువేరు కాలాల్లో తలుపు తట్టాయి.

ఇప్పటి సంగతి కూడా ఒకటి చూద్దాం. అమెరికాలో కైలర్ మరే అనే కుర్రవాడు కాలేజీలో రెండు ఆటలు ఆడేవాడు: బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్. 2018లో ఓక్లండ్ బేస్‌బాల్ జట్టు అతనితో 46 లక్షల డాలర్లకు పైగా ఇస్తామని ఒప్పందం చేసుకుంది. కాని ఆ ఏడు అతడు కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడిగా హైస్‌మన్ బహుమతి పొందాడు. 2019 ఫిబ్రవరిలో ఫుట్‌బాలే తన దారి అని ప్రకటించి, అప్పటికే తీసుకున్న సొమ్ములో చాలా భాగం వెనక్కి ఇచ్చేశాడు. ఆ ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకున్నప్పుడు, అందరికంటె ముందు పలికిన పేరు అతనిదే.

మరి మీ సంగతి? చిన్నవయసులోనే ఒక ఆటకు కట్టుబడాలని తొందర పడకండి. దీనికి శరీరంలోనే ఒక కారణముంది. ఎదిగే పిల్లల పొడుగాటి ఎముకల చివరల దగ్గర మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. పెద్దవాళ్ళయ్యాక అది గట్టి ఎముకగా మారుతుంది. అంతవరకు అది శరీరంలో బలహీనమైన చోటు. ఏడాది పొడుగునా ఒకే ఆట ఆడి, ఒకే కీలుమీద ఒకే విధమైన ఒత్తిడి పెడితే అక్కడ నొప్పి, వాపు, గాయం కలగవచ్చు. ఆటలు మార్చి ఆడితే ఆ భారం శరీరమంతా పంచుకుంటుంది. అందుకే పిల్లల వైద్యులు పలు ఆటలు ఆడమంటారు. వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోమంటారు.

ఎంచుకోవలసిన రోజు రానే వస్తే, ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేనప్పుడు కూడా మీ కాళ్ళు ఏ ఆటవైపు నడుస్తాయి? ఆ ఆట నేర్పే గురువు మీ మండలంలోనో, బస్సులో పోయి రాగలిగిన దూరంలోనో ఉన్నాడా? బూట్లు, బస్సు కిరాయి, తిండి, వీటి ఖర్చు ఇంటివాళ్ళు మోయగలరా, లేక సర్కారు హాస్టల్లో చోటు దొరుకుతుందా? చివరి ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి. కూలికి పోయే తల్లిదండ్రులకు అదే అన్నిటికంటె పెద్ద ప్రశ్న.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ ఎంచుకున్న దారిలో పతకం రాకపోతే, "ఆనాడే చెప్పాం కదా!" అని దెప్పిపొడవకండి. ఆ మాట దెబ్బ ఓటమి దెబ్బకంటె లోతుగా తగులుతుంది.

పిల్లలూ! గోపాలన్ స్థానంలో మీరే ఉంటే ఏ ఓడ ఎక్కేవారు? ఈ రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో అందరూ కూర్చుని వాదించుకోండి. ఒక్కటే షరతు: జవాబు చెప్పేటప్పుడు బెర్లిన్ పతకం సంగతి మీకు ఇంకా తెలియదనుకోవాలి!