యంత్రము చెప్పిన అంకెలు, దూలము కోరిన ఇనుము

కాంక్రీటు నొక్కుడును సహించినంతగా లాగుడును సహింపజాలదు గనుక, లాగుడు పడు వైపున ఇనుప కడ్డీలను పొదిగి దూలము పోయు విద్య బయలుదేరినది. గణనయంత్రములు పుట్టుటకు చాల ముందే ఈ విద్య ప్రౌఢత నొందెను. 1892లో ఫ్రాన్స్వా ఎన్నెబిక్ తన కట్టుబడి పద్ధతికి పేటెంటు పొందెను. అటుపిమ్మట స్విట్జర్లాండున రిట్టరు, జర్మనీయందు మోర్షు, పగుళ్లు తీసిన దూలమును లోలోపల ఒక ట్రస్సుగా భావించి, ఏటవాలు కాంక్రీటు నొక్కుడును, మన మేస్త్రీలు రింగులని పిలుచు నిలువు కడ్డీలు లాగుడును వహించునని ప్రతిపాదించిరి. కాగితమును పెన్సిలును గల ఇంజనీరుకు ఏ అడ్డుకోత వద్దనైనను కావలసినవి మూడే: వంపు భ్రామకము, కోతబలము, నిడివి వెంబడి బలము.

నిర్మాణమును చిన్న చిన్న మూలకములుగా చీల్చి గణనయంత్రముచే లెక్కకట్టు పరిమిత మూలకముల పద్ధతి యన్ననో, విమానశాలలో పెరిగిన బిడ్డ. క్షేత్రమును త్రిభుజములుగా ఖండించి సమీకరణములను సాధింపవచ్చునని 1943లోనే రిచర్డ్ కూరాంట్ సూచించియుండెను గాని, జెట్ విమానముల రెక్కల దార్ఢ్యమును కనుగొనవలసిన అగత్యము బోయింగు సంస్థకు కలిగిన తరువాతనే అది పనిముట్టైనది. టర్నరు, క్లఫ్, మార్టిన్, టాప్ అను నలువురి వ్యాసము 1956లో వెలువడెను. పద్ధతికి నేటి నామమును పెట్టినవాడు క్లఫ్, 1960లో. కాలిఫోర్నియాలోని బర్కిలీయందు ఎన్‌గో, స్కోర్డెలిస్ అనువారు 1967లో పగిలిన ఆర్.సి.సి. దూలమునే ఈ పద్ధతికి లోబరచి చూచిరి.

నేడు గోడలను, స్లాబులను, లోతైన దూలములను పలుచని పలకలవంటి షెల్ మూలకములుగా చీల్చి లెక్కకట్టుట పరిపాటియైనది. యంత్రము తెరపై రంగురంగుల పటమును పరచి, ప్రతి బిందువునందలి ప్రతిబలమును చెప్పును. కాని కడ్డీ బిందువున కుండదు. దూలము నిడివియంతయు వ్యాపించియుండును. ఒక మెతుకు పట్టి అన్నమును పరీక్షించు విద్య ఇచ్చట చెల్లదు. అడ్డుకోతయందలి మూలకము లన్నిటి ప్రతిబలములను వైశాల్యముతో గుణించి, మధ్యరేఖనుండి వాని దూరములతో మరల గుణించి, కూడినగాని భ్రామకము చేతికి రాదు. ఆ కూడికయందే మోసమున్నది.

300 మిల్లీమీటర్ల వెడల్పు, 600 మిల్లీమీటర్ల లోతు గల దూలమొకటి తీసికొందము. భద్రతా గుణకములు చేరిన భారమునకు పై అంచున నొక్కుడు, క్రింది అంచున లాగుడు, చదరపు మిల్లీమీటరునకు 5 న్యూటన్ల చొప్పున వచ్చినవనుకొందము. పూర్వపద్ధతిని భ్రామకము 90 కిలోన్యూటన్ మీటర్లు. ఇదే లోతును నాలుగు మూలకములుగా చీల్చి, ప్రతి మూలకపు నడిబొడ్డున యంత్రము చూపిన 3.75, 1.25 అను విలువలను మాత్రము తీసికొని కూడినచో వచ్చునది 84.4. తక్కిన పదునారవ వంతు ఎచ్చటికి పోయినది? ఒక్కొక్క మూలకములోపల పై అంచునకును క్రింది అంచునకును గల ప్రతిబల భేదమును మనము లెక్కలోనికి తీసికొనలేదు, పోయినది అదియే. రెండే మూలకములుగా చీల్చినచో నాలుగవ వంతు పోవును. అల్పభేదమని త్రోసిపుచ్చరాదు. ఎం20 కాంక్రీటు, ఫె500 ఇనుము, 540 మిల్లీమీటర్ల ప్రభావ లోతు గల ఈ దూలమున 16 మిల్లీమీటర్ల కడ్డీలు రెండు వేసిన అది సుమారు 88 కిలోన్యూటన్ మీటర్లు మోయును. 84.4కు రెండు చాలును, 90కి చాలవు.

అంతకంటె చోద్యమైన సంగతి మరియొకటి గలదు. సామాన్యమైన షెల్ లెక్కలో కాంక్రీటు పగులదు. క్రింది అంచున 5 న్యూటన్ల లాగుడు నది నిర్విచారముగా భరించునని యంత్రము తలంచును, మన ఐ.ఎస్. 456 సంహితను బట్టి ఎం20 కాంక్రీటు వంపులో 3.1 న్యూటన్లకే పగులును. కావున యంత్రమిచ్చినది ఇనుము కొలత కాదు, సమతౌల్యము తప్పని బలముల పట్టిక మాత్రమే. దానిని చదివి కడ్డీలు వేయువాడు మోర్షు శిష్యుడై యుండవలెను. ప్రత్యేకించి స్లాబుతో కలిసి పనిచేయు దూలమునందు, భ్రామకమున కొంతభాగము స్లాబులోని నొక్కుడుగాను దూలములోని లాగుడుగాను మారువేషమున దాగియుండును. దూలమునకు ఎదుట వ్రాసిన భ్రామకమును మాత్రము చూచి కడ్డీలు వేయువాడు ఆ జోడును మరచిపోవును.

ఈ చదువుటలోని పొరపాటు ఎంతటి వెల పలికించునో నార్వే దేశస్థులకు తెలియును. 1991 ఆగస్టు 23న స్టావాంగరు సమీపమున గాండ్స్‌ఫ్యోర్డునందు, స్లైప్నర్ ఎ అను చమురు వేదికకు ఆధారముగా కట్టిన మహాకాంక్రీటు నిర్మాణమును పరీక్షార్థము నీట దించుచుండగా, సుమారు 65 మీటర్ల లోతున గోడయొకటి విచ్చినది, నీరు చొరబడినది, నిర్మాణమంతయు అడుగంటి తుత్తునియలై పోయెను. ఆ తాకుడు రిక్టరు మానముపై 3గా నమోదైనది. మూడు గుండ్రని గదుల నడుమ ఏర్పడు ముక్కోణపు బిలముల గోడలపై కోతబలమును యంత్రము 47 శాతము తక్కువగా చెప్పియుండెను. మూలకములు మోటుగాను వంకరగాను ఉండుటయే హేతువు. ఆ మీద, గోడలయందలి కడ్డీలు కొన్ని చాలినంత దూరము పోక ముందే ఆగిపోయినవి. పిదప సూక్ష్మమైన మూలకములతో మరల లెక్కించినపుడు గోడ 62 మీటర్ల లోతున విచ్చునని తేలెను.

నష్టము సుమారు 70 కోట్ల డాలర్లని చెప్పుదురు. క్రొత్త కట్టడమును గడువులోపల నిలుపవలసి వచ్చినపుడు ఇంజనీర్లు యంత్రపు ఫలితములకై వేచియుండక, గణనలో మిక్కిలిభాగమును స్లైడురూలు కాలపు చేతిలెక్కలతో సాగించిరి. యంత్రపు ఫలితములు చేతికందు నాటికి రూపకల్పన ముగిసి, కట్టడమున అధికభాగము లేచియుండెను. 1993 ఏప్రిల్ 29న దానిపై వేదిక అమరెను.