బేస్ గిటార్ కొనే ముందు

బదిలీ మీద కోల్‌కతా వచ్చే మన తెలుగువాళ్లకు షాలిమార్ ముందుగా పరిచయమయ్యేది రైలు టికెట్ మీదే. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు బయలుదేరేది ఈ స్టేషన్ నుంచే. ఊరు కోల్‌కతా అని చెప్పుకుంటాం కానీ, ఇది హుగ్లీ నదికి అవతలి గట్టున, హౌరా వైపు ఉంటుంది. పక్కనే 1787లో మొదలైన బొటానికల్ గార్డెన్. ఈ పేటలో లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో కాపురముంటూ నాలుగేళ్లుగా ఇక్కడి కుర్రాళ్ల బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తున్నాను. డ్రమ్మర్ రైల్వే ఉద్యోగి, గిటార్ వాయించేది ఇంజనీరింగ్ విద్యార్థి, పాడే అమ్మాయి డిగ్రీ చదువుతోంది. అందరికంటే వయసులో పెద్దవాణ్ణి నేనే.

ఈ మధ్య మన సహోద్యోగుల నుంచి తరచూ ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. "మా అబ్బాయి బేస్ గిటార్ కావాలంటున్నాడు. అదేమిటో, మామూలు గిటార్‌కీ దానికీ తేడా ఏమిటో తెలియదు. ఎంతలో కొనాలి? కొన్నాక కీబోర్డులాగా అదీ మంచం కిందికే చేరుతుందా?" అని. విశాఖ నుంచి ఫోన్ చేసిన ఒక మిత్రుడు, ఫెస్టివల్ అడ్వాన్సు మొత్తం దీనికే పెట్టాలనుకుంటున్నానని చెప్పాడు. అతనికి చెప్పిన మాటలే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

బేస్ చేసే పని

మామూలు గిటార్‌కు ఆరు తీగలు, బేస్‌కు సాధారణంగా నాలుగు. బేస్ తీగలు లావుగా, పొడవుగా ఉంటాయి. గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరం సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే, బేస్‌లో అది 41 సార్లే. అంటే సరిగ్గా ఒక స్థాయి కింద, మన లెక్కలో మంద్రంలో పలుకుతుందన్నమాట.

పాటలో దాని పని రెండు రకాలు. ఒకటి, గిటార్ గానీ కీబోర్డు గానీ పలికించే స్వరాల గుంపుకు ఆధార స్వరం ఇవ్వడం. రెండు, డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముతో కలిసి నడక నిలబెట్టడం. కచేరీలో తంబురా ఇచ్చే ఆధారాన్నీ, మృదంగం మోసే నడకనూ కొంత కొంత కలిపి ఒకే మనిషికి అప్పగిస్తే ఎలా ఉంటుందో బేస్ పని అలా ఉంటుంది. బేస్ బాగుందని శ్రోతలు సాధారణంగా అనరు. ఆగిపోతే మాత్రం పాట పల్చబడిందని వెంటనే గుర్తిస్తారు. మన శాఖలో రోజు చివర లెక్క కుదిర్చే ఉద్యోగి సెలవు పెట్టిన రోజు లాంటిదే ఇది.

వినాలనుకునేవారు ఇళయరాజా గారి పాటలను మంచి హెడ్‌ఫోన్స్‌లో, గొంతును పక్కనపెట్టి కింది స్వరాల మీద దృష్టి పెట్టి వినండి. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలతో మొదలుపెట్టవచ్చు. ఫోన్ స్పీకర్‌లో విని లాభం లేదు. అంత చిన్న స్పీకర్ ఆ కింది స్వరాలను పలికించలేదు.

కోల్‌కతాలో బ్యాండ్‌లంటే కొత్తేమీ కాదు. 1975లో ఇక్కడ పుట్టిన 'మొహినేర్ ఘొరాగులి' బెంగాలీ బ్యాండ్‌లకు దారి వేసింది. పార్క్ స్ట్రీట్ హోటళ్లలో బ్యాండ్ వాయించడం అంతకు ముందునుంచే ఉంది. ఉషా ఉతుప్ గారు 'ట్రింకాస్'లో పాడి పేరు తెచ్చుకున్నారు. 'స్కిన్నీ ఆలీ' బ్యాండ్‌లో గ్యాన్ సింగ్ బేస్ విని ఈ వాద్యం మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది. మేము వాయించేది అలాంటి చోట్ల కాదు. పూజ రోజుల్లో పేట పందిళ్లు, కాలేజీ ఉత్సవాలు, ఉగాదికి తెలుగువాళ్ల సభ, అప్పుడప్పుడు పెళ్లి విందు. కాబట్టి నా సలహాలు ఆ మేరకే.

గిటార్ ఎంపిక

ఎలక్ట్రిక్ బేస్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చినవాడు అమెరికాలో లియో ఫెండర్. 1951లో 'ప్రెసిషన్ బేస్', 1960లో 'జాజ్ బేస్' తెచ్చాడు. ఈనాటికీ దుకాణంలో కనిపించే వాటిలో చాలా భాగం, ఏ కంపెనీవైనా, ఈ రెంటిలో ఒకదాని అచ్చే. మొదటి రకంలో తీగల కంపనాన్ని పట్టే పికప్ మధ్యలో ఉంటుంది. శబ్దం బొద్దుగా, గుంపులో కూడా తెలిసేలా ఉంటుంది. రెండో రకంలో రెండు పికప్‌లు ఉండి, శబ్దాన్ని మార్చుకునే వీలు ఎక్కువ. మెడ పైభాగంలో సన్నగా ఉంటుంది కాబట్టి చిన్న చేతులకు కొంత హాయి.

మామూలు బేస్‌లో తీగ కంపించే పొడవు 34 అంగుళాలు. పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలకు 30 అంగుళాల పొట్టి రకం మేలు. వేళ్లు సాగదీసి నొప్పి తెచ్చుకున్న పిల్లలు తొందరగా వదిలేస్తారు. అయిదు తీగల రకం చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ నేర్చుకునేవారికి అవసరం లేదు. లోపల 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే 'యాక్టివ్' రకం కొంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి. కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

దుకాణంలో చూడాల్సినవి నాలుగు. నడుముకు బెల్టు తగిలించుకున్నట్టు భుజానికి పట్టీ వేసి పది నిమిషాలు నిలబడండి. బరువు మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు ఉంటుంది, కార్యక్రమంలో అది రెండు గంటలు మోయాలి. చేతులు వదిలితే తల కిందికి వాలిపోతోందా చూడండి. ప్రతి మెట్టు మీదా నొక్కి వాయించి గరగర వస్తోందేమో వినండి. కేబుల్ పెట్టే చోటునూ, గుండ్రటి నాబ్‌లనూ కదిపి చిటచిటలు ఉన్నాయేమో గమనించండి. ఇవన్నీ సరిగ్గా ఉన్న సెకండ్ హ్యాండ్ గిటార్, వీటిలో ఏదో ఒకటి లోపించిన కొత్త గిటార్ కంటే నయం. ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో, లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలో వాద్యాల దుకాణాలు వరసగా ఉన్నాయి. ఒక పూట తిరిగి నాలుగు చోట్ల వాయించి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

డబ్బు ఎలా పంచాలి

చాలామంది మొత్తం సొమ్ము గిటార్ మీద పెట్టి, మిగతా వాటికి చేతిలో ఏమీ లేకుండా ఇంటికి వస్తారు. నా లెక్క ఇది. చేతిలో వంద రూపాయలుంటే గిటార్‌కు యాభై, ఆంప్లిఫయర్‌కు ముప్పై, మిగిలిన ఇరవై చిన్న సామాన్లకు. మంచి కేబుల్ రెండు, వెడల్పాటి పట్టీ, మెత్తటి సంచి, శ్రుతి చూసుకునే ట్యూనర్, ఒక అదనపు తీగల జత, చెవి ప్లగ్గులు. తెలిసిన మనిషితో తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయించే ఖర్చు కూడా ఈ ఇరవైలోదే. ఆ సవరణ చేయించిన చవక గిటార్, చేయించని ఖరీదు గిటార్ కంటే చేతికి సులువుగా లొంగుతుంది.

ఆంప్ విషయంలో ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న, ఎక్కడ వాయిస్తాం అని. ఇంట్లో సాధనకు 15 నుంచి 25 వాట్లు చాలు. డ్రమ్స్‌తో కలిసి గదిలో సాధన చేయాలంటే 100 వాట్లయినా ఉండాలి. సౌండ్ సిస్టం సాయం లేకుండా హాల్లో వినిపించాలంటే 200 నుంచి 300 వాట్లు కావాలి. కింది స్వరాలకు స్పీకర్ ఎక్కువ గాలిని కదిలించాలి, పైగా మన చెవి వాటిని తక్కువగా పట్టుకుంటుంది. గిటార్‌కు 30 వాట్లు సరిపోయే చోట బేస్‌కు అన్ని రెట్లు కావలసి రావడానికి కారణం ఇదే. మామూలు గిటార్ ఆంప్‌లో బేస్ పెట్టి గట్టిగా వాయిస్తే దాని స్పీకర్ పాడవుతుంది.

అయితే పందిళ్లలో, కాలేజీల్లో సౌండ్ సిస్టం ఎలాగూ ఉంటుంది. అలాంటి చోట పెద్ద ఆంప్ కంటే ఒక డీఐ బాక్స్ ఎక్కువ పనికొస్తుంది. అరచేతిలో పట్టే ఈ డబ్బా గిటార్ సిగ్నల్‌ను పొడవాటి వైరులో చెడకుండా మిక్సర్‌కు పంపుతుంది. నా సరంజామా అంతా ఒక గిటార్, డీఐ బాక్స్, నా పక్కన నాకు మాత్రమే వినిపించే చిన్న ఆంప్. మూడు అంతస్తులు దిగి, టోటో ఎక్కి, లాంచీలో నది దాటి వెళ్లే మనిషికి ఇరవై కిలోల పెట్టె ఉపయోగపడేకంటే భారమయ్యేదే ఎక్కువ. దుకాణంలో ఆంప్ ఎంత గట్టిగా మోగుతుందో చూసే ముందు దాన్ని ఎత్తి చూడండి.

ఎర్త్ లేని చోట వాయించవద్దు

ఇంత చెప్పినా, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది. రెండేళ్ల కిందట నవమి రాత్రి ఒక పందిట్లో వాయిస్తున్నాం. సాయంత్రం వాన పడి బల్లలు తడిగా ఉన్నాయి. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారాక, గిటార్ కూడా వాయిస్తూ పాడే మా అమ్మాయి పెదవి మైకుకు తగలగానే కేక వేసి వెనక్కి పడింది. "కాకూ, మైక్ కొట్టింది" అని ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. అదృష్టవశాత్తు పెదవి కమలడంతో పోయింది. అక్కడికక్కడే కార్యక్రమం ఆపేశాం. నిర్వాహకులు నొచ్చుకున్నారు, పారితోషికం సగమే ఇచ్చారు. ఆమె తల్లి నెలరోజులు పాటకు పంపలేదు. నేను ఆ తల్లినైనా అదే చేసేవాణ్ణి.

జరిగిందేమిటంటే, గిటార్ తీగలు కేబుల్ ద్వారా, ఆంప్ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మైకు జాలీ సౌండ్ సిస్టం ఎర్త్‌కు కలిసి ఉంటుంది. రెండూ ఒకే మంచి ఎర్త్‌కు చేరితే భయం లేదు. ఒకటి ఎర్త్ లేని బోర్డు నుంచి వస్తే, ఆంప్‌లో ఎక్కడో లీకయిన కరెంటు అందులో నిలిచి ఉంటుంది. చేతిలో తీగలు, పెదవి దగ్గర మైకు, మధ్యలో దారి మన ఒళ్లే. తడి దానికి తోడు.

అప్పటి నుంచి మేము పెట్టుకున్న నియమాలు ఇవి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను తీసేసినా, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినా ఆ ప్లగ్గు వాడం. ఆంప్‌లూ, సౌండ్ సిస్టమూ ఒకే బోర్డు నుంచి తీసుకుంటాం. మా సామాన్ల సంచిలో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే పరికరం బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటుంది. పాట మొదలయ్యే ముందూ, జనరేటర్‌కు మారిన ప్రతిసారీ, గిటార్ తీగలకూ మైకు జాలీకీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తాం. వోల్టేజీ కనిపిస్తే పాట లేదు. 'హమ్' అనే రొద పోవాలని ఎర్త్ పీకేద్దామని సౌండ్ కుర్రాళ్లు అంటుంటారు. ఆ రొదకు డీఐ బాక్స్ మీద ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ బటన్ వాడాలి. అది సిగ్నల్ వైరులోని కలయికను మాత్రమే విడదీస్తుంది. కరెంటు ఎర్త్ జోలికి వెళ్లకూడదు.

చెవి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండవచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. డ్రమ్స్ పక్కన నిలబడేది బేస్ వాయించేవాడే కాబట్టి ప్లగ్గులు మానకూడదు. పోయిన వినికిడి తిరిగి రాదు.

వానాకాలంలో సంరక్షణ

ఇక్కడి వానాకాలపు తేమ, మన కోస్తా తేమ ఒకటే. చెక్క తేమ పీల్చి మెడ వంపు మారుతుంది. తీగలు ఉన్నట్టుండి ఎత్తుగా అనిపిస్తే అదే కారణం. మెడ లోపల ఉండే ఇనుప కడ్డీని ఎలెన్ కీతో పావు చుట్టుకు మించకుండా తిప్పి, ఒక రోజు ఆగి చూడాలి. చేతకాకపోతే తెలిసినవారికి ఇవ్వండి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. వాయించాక తీగల్ని పొడి నూలుగుడ్డతో తుడవండి. బేస్ తీగల ధర గిటార్ తీగల కంటే బాగా ఎక్కువ కాబట్టి ఈ ఒక్క అలవాటు చాలా డబ్బు మిగులుస్తుంది.

ఉద్యోగులకు ఒక మాట. పారితోషికం తీసుకునే కార్యక్రమాలకు ముందుగా కార్యాలయం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నేను అలాగే చేస్తున్నాను.

ఇక విశాఖ మిత్రుడికి చెప్పింది. ఫెస్టివల్ అడ్వాన్సు మొత్తం ఖర్చుపెట్టవద్దు. మూడు నెలలకు ఎవరిదైనా బేస్ అడిగి గానీ అద్దెకు గానీ తెచ్చి, అబ్బాయికి ఒక డ్రమ్స్ వాయించే స్నేహితుణ్ణి వెతికిపెట్టు. బేస్ ఒంటరిగా సాధన చేస్తే విసుగు పుట్టించే వాద్యం, పక్కన తాళం వేసేవాడుంటే వదలబుద్ధి కాదు. మూడు నెలల తర్వాత కూడా వాడు శనివారం సాయంత్రం సంచి భుజాన వేసుకుని బయలుదేరుతుంటే, వాడితో కలిసి దుకాణానికి వెళ్లు. వెళ్లేటప్పుడు మల్టీమీటర్ ఒకటి కొని ఆ సంచిలో వెయ్యి.