రిపోర్టు నెగటివ్ వచ్చిందని ఇంటికి తీసుకెళ్లకండి

2025 జనవరిలో పుణేలో గిలాన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్) కేసులు బయటపడ్డాయి. ఆ మరుసటి నెలలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ బాధితులు చేరేసరికి జీబీఎస్ అన్న మాట మన ఇళ్లలోకి వచ్చేసింది. దాంతోపాటే ఓ ప్రమాదకరమైన నమ్మకం కూడా పాకింది: గాంగ్లియోసైడ్ యాంటీబాడీ పరీక్ష నెగటివ్ వస్తే జీబీఎస్ లేనట్టేనని. కొందరు ఆ కాగితం చూసుకుని మనిషిని ఇంటికి తీసుకెళ్లిపోతున్నారు. ఇంకొందరు రిపోర్టు వచ్చేదాకా వైద్యం మొదలుపెట్టవద్దంటున్నారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

ఆ పరీక్ష దేన్ని వెతుకుతుందో చూడండి. విరేచనాలు తెప్పించే కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా పైపొరకూ, మన నరాల మీదుండే జీఎం1 అనే గాంగ్లియోసైడ్ పదార్థానికీ పోలిక ఉంది. బ్యాక్టీరియాను చంపడానికి పుట్టిన యాంటీబాడీలు ఆ పోలిక వల్ల నరాల మీద పడతాయి. ఇలా నరం లోపలి తీగ దెబ్బతినే జీబీఎస్ రకంలో పరీక్ష పాజిటివ్ రావచ్చు, అదీ అందరికీ కాదు. నరం మీది మైలిన్ తొడుగు ఊడే రకంలో అయితే నమ్మదగ్గ యాంటీబాడీ ఇంతవరకూ దొరకనే లేదు. ల్యాబ్ తన జాబితాలో ఉన్నవాటినే వెతుకుతుంది. అవి కనబడనంత మాత్రాన జబ్బు లేదని ఎలా అంటాం? చూపు రెండుగా కనబడి, నడక తూలే మిల్లర్ ఫిషర్ రకంలో మాత్రం జీక్యూ1బి యాంటీబాడీ నూటికి 80 మందికి పైగా కనిపిస్తుంది. పరీక్షకు అసలు విలువ అక్కడే.

జీబీఎస్‌ను ముందు పట్టేది డాక్టరు చేతిలోని చిన్న సుత్తి. మోకాలి కింద కొడితే కాలు ఎగరదు. అంతకుముందే ఇంట్లో గుర్తులు కనిపిస్తాయి: నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, కింద కూర్చుంటే లేవలేరు, నీరసం రోజురోజుకీ కాళ్ల నుంచి పైకి పాకుతుంది. వెన్ను నీటిలో కణాలు పెరగకుండా ప్రోటీన్ మాత్రమే పెరుగుతుందని గిలాన్, బారే, స్ట్రోల్ 1916లోనే రాశారు. మొదటి వారంలో అదీ మామూలుగానే ఉండవచ్చు. చికిత్సగా ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు మాత్రం నీరసం మొదలైన రెండు వారాల్లోపు మొదలవ్వాలి. రిపోర్టు కోసం వారం ఆగితే ఆ గడువులో సగం కరిగిపోయినట్టే.

జీబీఎస్ అంటువ్యాధి కాదు. రోగి పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి. స్టెరాయిడ్ మాత్రలతో ఇది తగ్గదు. బీ12 ఇంజెక్షన్లూ దీన్ని ఆపవు.

చికెన్ తింటే జీబీఎస్ వస్తుందన్న ప్రచారం వింటే చిరాకేస్తుంది. కానీ పూర్తిగా కొట్టిపారేయలేను. సరిగ్గా ఉడకని కోడిమాంసంలో కాంపైలోబాక్టర్ ఉండవచ్చు, అది సోకినవాళ్లలో బహు కొద్దిమందికి జీబీఎస్ వస్తుంది. కూర బాగా ఉడికితే భయం లేదు. పచ్చిమాంసం కోసిన కత్తితో, కడగకుండా ఉల్లిపాయలు తరగకండి. నీళ్ల మీద అనుమానం ఉంటే కాచి తాగండి.

కాళ్లలో సత్తువ తగ్గుతున్న మనిషి చేత ఒక్క ఊపిరితో గట్టిగా అంకెలు లెక్కపెట్టించండి. 20 దాకా చేరలేకపోతే ఊపిరి కండరాలు అలసిపోతున్నాయేమోనని అనుమానించాలి. ఆక్సీమీటరులో 98 కనబడినా సరే, ఆలస్యం చేయకుండా వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.