నాలుగు పేటల డీఎన్‌ఏ

డీఎన్‌ఏ అనగానే కళ్ల ముందు మెదిలేది మెలితిరిగిన రెండు పేటల గొలుసే. 1953లో కేంబ్రిడ్జిలో వాట్సన్, క్రిక్ తేల్చిన ఆ రూపం బడి పుస్తకాల నుంచి ఆసుపత్రుల లోగోల దాకా పాకింది. అరవై ఏళ్ల తర్వాత, 2013 జనవరిలో, అదే ఊరి నుంచి మరో కబురొచ్చింది. మనిషి కణాల్లో నాలుగు పేటల డీఎన్‌ఏ కూడా ఉందని!

ఆ మాట చెప్పింది శంకర్ బాలసుబ్రమణియన్ బృందం. మద్రాసులో పుట్టి పసితనంలోనే ఇంగ్లండు చేరిన రసాయన శాస్త్రవేత్త ఆయన. ఈ బృందం తయారుచేసిన బీజీ4 అనే యాంటీబాడీ రెండు పేటల గొలుసు జోలికి పోదు, నాలుగు పేటల ముడి దొరికితేనే అతుక్కుంటుంది. దాన్ని మెరిసే రంగుతో గుర్తుపట్టేలా చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కేంద్రకం నిండా చుక్కలు. కొన్ని క్రోమోజోముల కొసల దగ్గరున్నాయి, చాలా వరకు మిగతా చోట్ల పరుచుకున్నాయి. కణం డీఎన్‌ఏని కాపీ చేసుకునే దశలో వాటి సంఖ్య బాగా పెరిగింది.

గడ్డకట్టిన ద్రావణం

నిజానికి ఈ నాలుగు పేటల రూపం ఆనవాలు పాతదే. గ్వానిలిక్ ఆమ్లం చిక్కగా కలిపితే జెల్లీలా గడ్డకడుతోందని 1910లోనే ఐవార్ బాంగ్ గమనించారు. ఎందుకలా జరుగుతోందో తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది. 1962లో అమెరికాలో గెల్లర్ట్, లిప్సెట్, డేవిస్ ఆ జెల్లీ నుంచి పోగులు తీసి ఎక్స్‌రేలతో చూస్తే, గుట్టు అందులోని గ్వానిన్ దగ్గర దొరికింది.

డీఎన్‌ఏలోని ఎ, టి, జి, సి అక్షరాల్లో జి అంటే గ్వానిన్. మామూలుగా అది సితో జతకడుతుంది. కానీ జిలు గుంపులుగా ఉన్నచోట తమలో తామే ఒక్కటవుతాయి. క్యారమ్స్ బోర్డు చుట్టూ నలుగురు కూర్చున్నట్టు నాలుగు గ్వానిన్లు చతురస్రంగా సర్దుకుంటాయి. వాటి మధ్య ఎనిమిది హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. అలాంటి చతురస్రాలు రెండో మూడో ఒకదానిపై ఒకటి పేరితే, అదే జీ-క్వాడ్రుప్లెక్స్. దీనికి నాలుగు వేర్వేరు పోగులు అక్కర్లేదు. ఒకే పోగు వెనక్కీ ముందుకీ మడతపడినా చాలు.

పట్టంతా పొటాషియందే

ప్రతి చతురస్రంలోనూ నాలుగు ఆక్సిజన్లు నడిమికి తిరిగి ఉంటాయి. వాటన్నిటిదీ రుణావేశం వైపే మొగ్గు కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ తగువు తీర్చేది పొటాషియం అయాన్. రెండు చతురస్రాల నడుమ ఖాళీకి దాని సైజు సరిగ్గా సరిపోతుంది. పైన నాలుగు, కింద నాలుగు, మొత్తం ఎనిమిది ఆక్సిజన్లను అది పట్టి ఉంచుతుంది. సోడియం చిన్నది, అంత పట్టు ఇవ్వలేదు. లిథియం వల్ల దాదాపు ప్రయోజనమే లేదు. మన కణాల లోపల సోడియం కన్నా పొటాషియం పది రెట్లకు పైగా ఉంటుంది. అంటే ముడి పడటానికి కావలసిన సరుకంతా అక్కడ సిద్ధంగానే ఉంది.

ఉప్పు మారితే ఆకారమూ మారుతుంది. క్రోమోజోముల కొసల్లో టీటీఏజీజీజీ అనే అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. 1993లో దిన్షా పటేల్ బృందం సోడియం ద్రావణంలో చూసినప్పుడు దాని పోగులు కొన్ని పైకి, కొన్ని కిందికి నడిచాయి. 2002లో లండన్‌లో స్టీఫెన్ నీడిల్ బృందం పొటాషియంతో స్ఫటికం చేస్తే నాలుగూ ఒకే దిక్కుకు తిరిగాయి.

విప్పే చేతులు

ముడి ఎంత గట్టిదైతే కణానికి అంత ఇబ్బంది. కాపీ చేసే ఎంజైము అక్కడికొచ్చి ఆగిపోతుంది. అందుకే హెలికేజ్‌లనే ఎంజైములు అలాంటి ముడులను విప్పుతూ ఉంటాయి. ఆ పని ఎంత పెద్దదో అంకెలే చెబుతాయి. 2015లో కేంబ్రిడ్జి బృందం పరీక్షనాళికలో, ముడిని బిగించే రసాయనం కూడా కలిపి వెతికితే, మానవ డీఎన్‌ఏలో ఏడు లక్షలకు పైగా చోట్ల ఈ ముడి పడింది. మరుసటి ఏడాది చర్మకణాల్లోని క్రోమాటిన్‌లో, అంటే ప్రొటీన్లతో కలిసి చుట్టుకున్న డీఎన్‌ఏలో వెతికితే దొరికినవి పదివేల దాకా మాత్రమే. అవీ ఎక్కువగా చురుగ్గా పనిచేసే జన్యువుల దగ్గర.

ఆర్‌ఎన్‌ఏ సంగతి మరీ విచిత్రం. దాని చక్కెరలో అదనంగా ఉండే హైడ్రాక్సిల్ వల్ల ముడి డీఎన్‌ఏలో కన్నా గట్టిగా పడుతుంది. అయినా 2016లో గువో, బార్టెల్ పరిశీలిస్తే, పరీక్షనాళికలో చక్కగా మడతపడే వేలాది ఆర్‌ఎన్‌ఏ భాగాలు క్షీరదాల కణాల్లో, ఈస్ట్‌లో దాదాపుగా విడివడే కనిపించాయి. బ్యాక్టీరియాలోనైతే అలాంటి అక్షరాల వరసలే అరుదు. వాటిని బలవంతంగా చొప్పిస్తే ఈ.కొలై ఎదుగుదల దెబ్బతింది.

క్యాన్సర్ పరిశోధకులు ఆశ పెట్టుకున్నది ముడి కణానికి తెచ్చే ఈ ఇబ్బందిపైనే. బీఆర్‌సీఏ జన్యువులు చెడిన కణితికి తెగిన డీఎన్‌ఏని సరిగ్గా బాగుచేసుకునే శక్తి తక్కువ. ముడిని ఇంకా బిగించి డీఎన్‌ఏ తెగేలా చేస్తే అది తట్టుకోలేదు. ఈ లెక్కతోనే సీఎక్స్-5461 అనే మందును కెనడాలో రోగులపై పరీక్షించారు. కొందరిలో కణితి తగ్గింది, కానీ ఎండ తగిలితే చర్మం కమిలిపోవడం ప్రధాన దుష్ప్రభావంగా తేలింది. అన్ని చోట్లా ఒకే పోలికతో ఉండే చతురస్రాల్లో కావలసిన జన్యువు దగ్గరున్న ఒక్కదాన్నే పట్టుకునే అణువు కోసం రసాయన శాస్త్రవేత్తలు ఇప్పటికీ వెతుకుతున్నారు.