చెవిలో మ్రోత: మగ్గపువారు తెలిసికొనదగిన సంగతులు



నిరుడు మా సహకార సంఘమునకు నూలు తెప్పించునప్పుడు ఒక సభ్యుడు "ఇరవై కట్టలు" అని చెప్పగా, నేను "అరవై" అని వ్రాసికొంటిని. నలువది కట్టలు అదనముగా వచ్చిపడినవి. వాటి సొమ్ముకు వడ్డీ సంఘము నెత్తిన పడినది. కార్యదర్శికి పరధ్యానమని కమిటీవారు అనుకొనిరి. నిజము వేరు. ఈ పదవికి రాకపూర్వము నేను సోలాపురములో మరమగ్గముల షెడ్డులో పండ్రెండేండ్లు పనిచేసితిని. నాటినుండి నా రెండు చెవులలోను కీచురాయి అరచినట్లు మ్రోత కలదు. వినికిడి తగ్గినదని తెలిసినచో ఉద్యోగము పోవునేమోయని భయపడి, ఇంటిలో కూడ చెప్పలేదు. దాచినందున సంఘమునకు నష్టము, నాకు నిద్రలేమి మిగిలినవి. ఇట్లు దాచుకొనువాడను నేనొక్కడనే కానని యెరుగుదును గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మ్రోత యెట్లు పుట్టును?

బయట చప్పుడు లేకున్నను చెవిలోనో తలలోనో వినబడు ధ్వనిని చెవి మ్రోత, చెవి హోరు అందుము. డాక్టర్లు టినిటస్ అందురు. ఒకరికి ఈలవలె, ఒకరికి గాలి హోరువలె వినబడును. ఇది పిచ్చికి గుర్తు కాదు, గాలి సోకుటయు కాదు.

ధ్వని కర్ణభేరిని తాకి, దాని వెనుకనున్న మూడు చిన్న ఎముకలను కదల్చి, లోపల నత్తగుల్లవలె చుట్టుకొనిన గొట్టమును చేరును. అందు సన్నని నూగుగల కణములు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 ఉండును. ధ్వనిని మెదడునకు అందజేయునవి ఇవే. ఏండ్ల తరబడి పెద్ద చప్పుడు సోకినచో ఇవి నశించును. పడుగులో పోగు తెగినచో అతుకుదుము. ఈ పోగు తెగినచో అతుకు లేదు. స్టేషను సరిగా అందని రేడియోను పెద్దది చేసినచో బుస్సుమను చప్పుడు వచ్చును గదా! చెవినుండి కబురు తగ్గినప్పుడు మెదడు కూడ అట్లే తన శక్తిని హెచ్చించుకొనును. ఆ బుస్సే మ్రోతయని శాస్త్రజ్ఞులు చాలమంది తలంచుచున్నారు.

85 డెసిబెల్సు చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదని నిపుణుల సలహా. ఆపైన ప్రతి మూడు డెసిబెల్సుకు ఆ కాలము సగమగును. 88 అయినచో నాలుగు గంటలు, 91 అయినచో రెండు గంటలు మాత్రమే. నాడె కొట్టు మరమగ్గముల షెడ్డులో సాధారణముగ 90 దాటును. కొలత పెట్టె లేకున్నను ఒక గుర్తు కలదు: చేయి చాచినంత దూరములోనున్న మనిషితో అరచి మాటాడవలసివచ్చినచో ఆ చప్పుడు హానికరము. పని దిగిన సాయంత్రము చెవులు హోరుమని, తెల్లవారుసరికి తగ్గినను అది హెచ్చరికయే.

వైద్యుని చూపవలసినది

మ్రోతకు మూలము అన్నివేళల మగ్గమే కాదు. గులిమి గట్టిపడుట, చెవిలో చీము, రక్తపుపోటు, కొన్ని మందులు కూడ కారణము కావచ్చును. క్షయకు వాడు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, క్వినైను, ఎక్కువ మోతాదు ఆస్పిరిను అట్టివి. అయినను మందును మీయంతట మీరు మానక డాక్టరుతో చెప్పుడు. ఒక్క చెవిలోనే మ్రోత ఉన్నను, నాడితోపాటు కొట్టుకొన్నను, కండ్లు తిరిగినను జాగు చేయరాదు. ఉన్నట్టుండి వినికిడి పోయినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. కాచిన నూనె, వెల్లుల్లి రసము చెవిలో పోయరాదు. పుల్లలతో, పిన్నులతో కెలుకరాదు.

ఓర్చుకొను మార్గములు

నశించిన కణములను తిరిగి మొలిపించు మాత్ర నేటికి లేదు. అట్టిది కలదను ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకొనకుడు. మ్రోత పోకున్నను దాని బాధ తగ్గును. కొన్ని నెలలకు చాలమంది మెదడు దానిని పట్టించుకొనుట మానును. వీధిలో బండ్ల చప్పుడు మనకు అలవాటైనట్లే యిదియు.

నిశ్శబ్దములో మ్రోత పెద్దదిగా తోచును గనుక, రాత్రి పంకా గాని సన్నని రేడియో పాట గాని ఉండనిండు. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము మాటను వినిపించి, మ్రోతను వెనుకకు నెట్టును. దిగులు, కోపము, నిద్రలేమి పెరిగినచో మనస్సు కుదుటపరచు సలహా వైద్యము మేలుచేయును. ప్రభుత్వపు టెలి మానస్ ఫోను 14416కు ఉచితముగ మాటాడవచ్చును.

రాకుండ కాపాడుకొనుట

నూలు వ్యర్థమో దూదియో చెవిలో కుక్కినంతమాత్రమున చాలదు. నురుగు రబ్బరు బిరడాలు చౌకగా దొరకును. శుభ్రమైన చేతితో సన్నగా నలిపి, రెండవ చేతితో చెవిని పైకి లాగి, లోనికి చొప్పించి, ఉబ్బువరకు పట్టియుంచవలెను. మధ్యమధ్య షెడ్డు వెలుపలకు వచ్చి చెవులకు విశ్రాంతి నీయవలెను. మగ్గములను ఆనుకొనియే కాపురమున్నవారు పసిపిల్లల ఊయలను దూరపు గదికి మార్చుడు.

నేను వినికిడి పరీక్ష చేయించుకొని ఆ కాగితము కమిటీ ముందు పెట్టితిని. ఎవరును నన్ను తొలగించలేదు. ఇప్పుడు అంకెను సభ్యుని చేతనే వ్రాయించి, గట్టిగా తిరిగి చదువుచున్నాను. నూలుతోపాటు చెవి బిరడాలు కూడ సంఘపు డిపోలో ఉంచవలెనని ప్రతిపాదించితిని. తక్కిన సంఘములవారును ఆలోచింప మనవి.

ఇంటివారికి ఒక్క మాట. పిలిచిన పలుకనిచో అయ్యకు పొగరనుకొనకుడు. ఎదుటకు వచ్చి, ముఖము చూచి, నిదానముగ చెప్పుడు. పరీక్షకు వెంటబెట్టుకొని పొండు.

ఇట్లు,
ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి